ఉద్యోగమా, పనా? కోనసీమ డిగ్రీ చదువుల్లో 'హరిత ఉద్యోగం': ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

ఉన్నతవిద్యపై జరిగే సదస్సుల్లో ఇటీవల తరచుగా వినిపిస్తున్న మాట 'హరిత ఉద్యోగాలు'. పాఠ్యప్రణాళికలో సుస్థిరతను అంతర్భాగం చేయాలనీ, పట్టభద్రులను హరిత ఉద్యోగాలకు సన్నద్ధం చేయాలనీ పత్రసమర్పకులు సూచిస్తున్నారు. సూచన ఆహ్వానించదగినదే. అయితే ఈ మాట తెలుగులోకి వస్తూ దేన్ని వెంట తెచ్చుకుంది, దేన్ని దారిలో వదిలేసింది అన్న ప్రశ్న వేయవలసిన బాధ్యత తెలుగు అధ్యయనానిది. కోనసీమ ప్రాంతాన్ని, అంటే అమలాపురం, రాజోలు, కొత్తపేట పరిసరాలను ఆధారంగా చేసుకుని ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఈ భావనకు అంతర్జాతీయంగా ప్రచారం కల్పించింది 2008లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థ తదితరులు కలిసి వెలువరించిన నివేదిక. కార్మిక సంస్థ నిర్వచనంలో రెండు అంశాలున్నాయి. ఆ పని పర్యావరణాన్ని కాపాడేదో, పునరుద్ధరించేదో కావాలి. అంతేకాక అది గౌరవప్రదమైన పని కూడా కావాలి. తగిన వేతనం, ప్రాణభద్రత, సంఘం పెట్టుకునే హక్కు, సామాజిక రక్షణ ఆ గౌరవంలో భాగాలు. చెత్త నుంచి పనికివచ్చే వస్తువులు ఏరే పని పర్యావరణానికి మేలు చేసినా, చేసేవారి ఆరోగ్యాన్ని హరిస్తుంటే దాన్ని హరిత ఉద్యోగంగా లెక్కించడం కష్టమని ఆ చర్చలోనే తేలింది. మన సదస్సు పత్రాల్లో మొదటి అంశం కనిపిస్తుంది. రెండోది చాలావరకు కనిపించదు.

ఈ లోపానికి అనువాదం కూడా ఒక కారణం. ఆంగ్లంలోని మూలపదం నెలజీతానికీ రోజుకూలికీ రెండింటికీ చెల్లుతుంది. తెలుగులో అలా కాదు. 'మీ అబ్బాయి ఏం చేస్తున్నాడు?' అని అడిగితే 'ఉద్యోగం' అనే జవాబు వేరు, 'పనికి వెళ్తున్నాడు' అనే జవాబు వేరు. మొదటి మాటలో కుర్చీ, జీతం, సెలవు, పింఛను ఉన్నాయి. రెండో మాటలో ఎండ, కూలి, మేస్త్రీ ఉన్నారు. కోనసీమలో పర్యావరణంతో నేరుగా ముడిపడిన శ్రమలో అత్యధికభాగం ఈనాటికీ 'పని'గానే ఉంది. దానికి 'హరిత ఉద్యోగం' అని పేరుపెట్టి తరగతిగదిలో బోధిస్తే ఆ పేరుకూ ఆ వాస్తవానికీ మధ్య ఉన్న దూరం విద్యార్థికి అధ్యాపకుని కంటే ముందే అర్థమవుతుంది.

2. 'పాలేరు' వేసిన ప్రశ్న

కోనసీమలో చదువుకూ పొలానికీ ఉన్న సంబంధాన్ని సాహిత్యంలో తేటతెల్లం చేసిన రచన బోయి భీమన్న 'పాలేరు' నాటకం. భీమన్న 1911లో మామిడికుదురులో జన్మించారు. ఒక పాలేరు కుర్రవాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరు కావడం ఆ నాటక ఇతివృత్తం. స్వాతంత్ర్యానికి పూర్వమే వెలువడిన ఈ నాటకం ఊరూరా ప్రదర్శితమై, ఎందరో తల్లిదండ్రులు పిల్లలను పాలేరుతనం మాన్పించి బడికి పంపడానికి ప్రేరణనిచ్చిందని సాహిత్య విమర్శకులు పేర్కొంటారు.

నాటకంలో చదువు అంటే మెట్టు ఎక్కడం మాత్రమే కాదు, పొలం దిగిపోవడం కూడా. దీన్ని శ్రమపట్ల చిన్నచూపుగా చదవడం పొరపాటు. పాలేరుతనంలో శ్రమ ఒక్కటే లేదు. కులం, అప్పు, తరతరాల కట్టుబాటు దానితో పెనవేసుకుని ఉన్నాయి. ఆ ముడి విప్పే మార్గం లేనప్పుడు మొత్తంగా బయటపడటమే విముక్తి. కనుక కోనసీమ దళిత కుటుంబాల దృష్టిలో డిగ్రీ పట్టా మట్టి నుంచి బయటికి రాసిన అనుమతిపత్రం. ఆ పట్టా చేతికిచ్చే కళాశాలే ఇప్పుడు మట్టి దగ్గరికి తిరిగివెళ్లమని, అదే భవిష్యత్తని చెబుతోంది. ఈ మాట ఎవరి పిల్లలతో చెబుతున్నామో గమనించకుండా చెప్పడం సాధ్యం కాదు. జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చే సందర్భంలో 2022 మే 24న అమలాపురంలో చెలరేగిన హింసను ఎరిగినవారికి ఇక్కడ గౌరవం అనే మాట ఎంత సజీవమైన వివాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలను బీడు పెట్టారు. దేశమంతటా చర్చకు వచ్చిన ఈ నిరసనపై ప్రభుత్వం మోహన్ కందా ఆధ్వర్యంలో కమిటీని నియమించింది. గిట్టుబాటు ధర లేకపోవడం, పెరిగిన పెట్టుబడి, మురుగుకాలువలు పూడి చేలు మునగడం వంటి వాటితోపాటు రైతులు చెప్పిన కారణాల్లో కూలీల కొరత ఒకటి. 2022లో మళ్లీ పంట విరామం మాట వినిపించినప్పుడూ ఈ జాబితా పెద్దగా మారలేదు. రైతు 'కూలీల కొరత' అన్నదాన్నే కూలి కుటుంబం వైపు నుంచి చూస్తే 'పాలేరు' నాటకం కోరుకున్న ఫలితంగా కనిపిస్తుంది. పిల్లలు చదువుకున్నారు, కొందరు హైదరాబాదుకు వెళ్లారు, ఇళ్లలోని స్త్రీలు గల్ఫ్ దేశాలకు వెళ్లారు. ఒకే వాస్తవానికి ఒకరి భాషలో పేరు సంక్షోభం, మరొకరి భాషలో పేరు విడుదల. పర్యావరణ పాఠ్యపుస్తకం ఈ రెండు భాషల్లో దేనిలో రాస్తున్నట్టు?

3. పాఠ్యప్రణాళికలో లేని ఊరు

పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని ఎం.సి. మెహతా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఆదేశించింది. 2003లో ఆ ఆదేశం అమలుపై మళ్లీ దృష్టిపెట్టడంతో విశ్వవిద్యాలయ నిధుల సంఘం డిగ్రీ విద్యార్థులందరికీ ఆరునెలల పాఠ్యాంశాన్ని సిద్ధం చేసింది. జాతీయ విద్యావిధానం 2020 తరువాత, 2023లో వెలువడిన మార్గదర్శకాలు దీనిని కనీసం 4 క్రెడిట్లకు పెంచి, వాతావరణ మార్పు, సుస్థిరాభివృద్ధి అంశాలను విస్తరించి, క్షేత్రస్థాయి అధ్యయనానికి చోటిచ్చాయి. కాగితంమీద ఇది చెప్పుకోదగిన ప్రగతి.

లోపం ఉదాహరణల ఎంపికలో ఉంది. పర్యావరణ ఉద్యమాలు అనే శీర్షిక కింద మన విద్యార్థులు ఏళ్లతరబడి చదివినవి చిప్కో, సైలెంట్ వ్యాలీ, రాజస్థాన్ బిష్ణోయీల కథలు. అవి తెలియవలసినవే. కానీ 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద చమురుబావిలో విస్ఫోటనం జరిగి అరవై రోజులకు పైగా మంటలు ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు ఊళ్లూ భీమన్న పుట్టిన మామిడికుదురు మండలంలోనివే. 1996 నవంబరు 6 నాటి తుఫాను వెయ్యిమందికి పైగా బలిగొని, కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. శిలాజ ఇంధనం, పారిశ్రామిక భద్రత, తీరప్రాంత విపత్తు అనే మూడు అధ్యాయాలను ఒక్క మండలం చుట్టూ తిరిగి చెప్పగలిగిన అవకాశం ఉండగా, ఇక్కడి విద్యార్థి హిమాలయాల ఉదాహరణలతో పరీక్ష రాస్తున్నాడు.

ఈ లోటును పూరించడానికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక వెసులుబాటు ఉంది. 2020-21 నుంచి అమలైన డిగ్రీ విధానంలో 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు, ఆపై ఇంటర్న్‌షిప్పులు తప్పనిసరి అయ్యాయి. నైపుణ్య కోర్సుల్లో మొక్కల నర్సరీ, సౌరశక్తి వంటివి చేరాయి. గౌతమి ఆవలి ఒడ్డున కడియం నర్సరీలు ఉన్న ప్రాంతానికి నర్సరీ కోర్సు అతికినట్టు సరిపోతుంది కూడా. అయితే 180 గంటలను గృహ సర్వే పత్రాలు నింపడంతో సరిపెట్టే ధోరణి బలంగా ఉంది. కుటుంబ సభ్యులెందరు, మరుగుదొడ్డి ఉందా, తాగునీరు ఎక్కడిది అన్న ప్రశ్నలకు జవాబులు ఇప్పటికే ప్రభుత్వ దస్త్రాల్లో ఉన్నాయి. ఊరి మురుగుకాలువ ఎక్కడ మొదలై ఏ మొగ దగ్గర సముద్రంలో కలుస్తుందో, నడుమ ఎక్కడెక్కడ పూడిందో నడిచి గీసిన పటం మాత్రం ఎక్కువ ఊళ్లలో లేదు.

4. కొబ్బరిచెట్టు కింద ఎన్ని కొలువులు?

హరిత ఉపాధి గురించి కోనసీమలో మాట్లాడాలంటే కొబ్బరిచెట్టు దగ్గర ఆగక తప్పదు. ఇక్కడ కొంత వివరంగా చూద్దాం.

చెట్టుపైన దింపు కార్మికుడు. కింద వలుపు కార్మికుడు, గునపానికి కాయను గుచ్చి డొక్కను వేరుచేస్తాడు. డొక్క పీచు యంత్రానికి చేరుతుంది. పీచు తాడవుతుంది, చాపవుతుంది, కట్టల కోత ఆపే భూవస్త్రమవుతుంది. మిగిలిన పొట్టు ఒకప్పుడు దారుల పక్కన గుట్టలుగా పడివుండే చెత్త. ఇప్పుడు దాన్ని కడిగి, ఆరబెట్టి, ఇటుకలుగా అదిమి, మట్టి లేకుండా సాగుచేసే తోటలకు ఎగుమతి చేస్తున్నారు. పీచు పరిశ్రమ కోసం 1953 నాటి చట్టంతో ఏర్పడిన కాయిర్ బోర్డు, 1981లో మొదలైన కొబ్బరి అభివృద్ధి బోర్డు ఈ గొలుసుకు రెండువైపులా ఉన్నాయి. వ్యర్థం లేని ఆర్థికవ్యవస్థ అనే సిద్ధాంతానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

ఈ గొలుసులో ప్రతి మెట్టు దగ్గరా ఎవరున్నారు అన్నది అసలు విషయం. దింపు ప్రాణాంతకమైన పని. కాలు జారితే జీవితాంతం మంచానికి పరిమితం కావచ్చు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో కేరళలో ఆరంభించిన శిక్షణ పథకం, యంత్రంతో చెట్టెక్కడం నేర్పి, బీమా కల్పించి, ఆ పనివారికి 'కొబ్బరిచెట్టు మిత్రులు' అని పేరుపెట్టింది. పేరు మార్పుతోపాటు యంత్రం, బీమా కూడా రావడం అక్కడ గమనించదగినది. పేరు ఒక్కటే వచ్చి ఉంటే అది అలంకారంగా మిగిలేది. ఇక పీచు యంత్రాల దగ్గర ఎక్కువగా స్త్రీలే కనిపిస్తారు. ఉత్పత్తి ప్రకృతిహితమైనదే. కానీ రోజంతా ఆ దుమ్ము పీల్చే ఊపిరితిత్తులకు ఆ హితం ఎంత? 2008 నాటి నిర్వచనాన్ని అక్షరాలా పాటిస్తే ఈ యంత్రశాలల్లో చాలావాటిని హరిత ఉపాధి జాబితా నుంచి తొలగించవలసి వస్తుంది, లేదా దుమ్ముపీల్చే పంకా, ముఖకవచం, నిర్ణీత వేతనం సమకూర్చి జాబితాలో నిలబెట్టవలసి వస్తుంది. వాణిజ్యశాస్త్ర విద్యార్థికి ఈ రెండో పనికయ్యే ఖర్చును లెక్కగట్టమని ప్రాజెక్టు ఇవ్వవచ్చు.

చదువుకున్నవారికి చోటున్న మెట్లు కూడా లేకపోలేదు. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరి తెగుళ్లపై జీవనియంత్రణకు పేరుపొందింది. 2016 ప్రాంతంలో దేశంలోకి ప్రవేశించిన సర్పిలాకార తెల్లదోమ తోటలను కమ్మేసినప్పుడు రసాయనాలకు బదులు ఇసేరియా శిలీంధ్రాన్ని వాడే పద్ధతిని ఈ కేంద్రం రైతులకు అందించింది. మిత్రపురుగులను, శిలీంధ్రాలను శుభ్రమైన పరిస్థితుల్లో పెంచి, కలుషితం కాకుండా తోటకు చేర్చడం డిగ్రీ స్థాయి వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర, సూక్ష్మజీవశాస్త్ర పరిజ్ఞానంతో చేయగలిగిన పని. మండలానికొక చిన్న ప్రయోగశాల ఉంటే అందులో ఉండేది నిస్సందేహంగా ఉద్యోగమే. పొట్టు ఎగుమతికి కూడా అటువంటి పరిజ్ఞానమే అవసరం. పొట్టులో ఉప్పు మిగిలితే మొక్క బతకదు కనుక కడిగిన ప్రతి విడతకూ విద్యుత్ వాహకతను కొలవాలి. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో మన విద్యార్థి అదే మీటరుతో, సీసాలోని ద్రావణంపై, రికార్డు పుస్తకం కోసం ప్రయోగం చేస్తుంటాడు.

రావులపాలెం అరటి మార్కెట్టు గురించీ ఇటువంటి చర్చే చేయవచ్చు. గెల కోసిన తరువాత మిగిలే బోదె నుంచి నార తీయవచ్చని తెలిసినా, ఎక్కువభాగం చేలోనే కుళ్లిపోతోంది. విస్తరభీతితో దాన్ని ఇక్కడ ప్రస్తావనకే పరిమితం చేస్తున్నాను.

5. ఉప్పు కొలిచేదెవరు?

విద్యుత్ వాహకత మీటరు ప్రస్తావన వచ్చింది కనుక రాజోలు వైపు వెళ్దాం. శంకరగుప్తం మురుగుకాలువ వెంట సముద్రపు పోటునీరు ఎగదన్ని కేశనపల్లి పరిసరాల్లో కొబ్బరిచెట్లు మొవ్వు వాలి మోడుబారిన వార్తలు ఇటీవలి సంవత్సరాల్లో రాష్ట్రవ్యాప్తంగా చర్చకు వచ్చాయి. వరిచేలు, కొబ్బరితోటలు చేపల, రొయ్యల చెరువులుగా మారడం వల్ల కలుగుతున్న పరిణామాలూ ఈ ప్రాంతంలో పాత వివాదమే. తీరప్రాంత రొయ్యల సాగుపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చినా, చెరువుకూ చేనుకూ మధ్య గట్టు దగ్గర తగాదా ఆగలేదు.

ఉపాధి కోణంలో ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆక్వా కేంద్రాల్లో నీటిపరీక్ష ప్రయోగశాలలున్నాయి. జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం చదివిన పట్టభద్రులు వాటిలో పనిచేస్తున్నారు. చెరువునీటి లవణీయత, అమ్మోనియా, కరిగిన ప్రాణవాయువు పరీక్షించి రైతుకు సలహా చెబుతారు. రొయ్య ఖరీదైనది కనుక పరీక్షకు డబ్బు చెల్లించే రైతు ఉన్నాడు. ఆ చెరువు పక్కనే పారే మురుగుకాలువలో, దాని గట్టున ఉన్న తోటమట్టిలో ఉప్పు ఎంత పెరుగుతోందో నెలనెలా కొలిచేవారు లేరు. నైపుణ్యం అదే, పరికరం అదే, మనిషి కూడా అతడే. లేనిది చెల్లించే చేయి.

సుస్థిరతా విద్యపై వెలువడుతున్న రచనల్లో అధికభాగం ఈ సంగతిని దాటవేస్తోంది. నైపుణ్యం నేర్పితే ఉద్యోగం వస్తుందనే అంచనా వాటికి పునాది. 2015లో ఏర్పడిన హరిత ఉద్యోగాల నైపుణ్య మండలి సౌర, పవన విద్యుత్తు, నీరు, వ్యర్థాల నిర్వహణ రంగాల్లో శిక్షణా ప్రమాణాలు రూపొందించింది. ఆ రంగాల్లో పెట్టుబడి పెట్టే సంస్థలున్నాయి కాబట్టి శిక్షణకు గిరాకీ ఏర్పడింది. మురుగుకాలువ ఉప్పును కొలిచే పనికీ, మొగ పూడికను గమనించే పనికీ, మడ అడవుల మొక్కలను నాటి కాపాడే పనికీ మార్కెట్టులో కొనుగోలుదారు లేడు. అవి ప్రజాప్రయోజనాలు కనుక పంచాయతీయో, జలవనరుల శాఖో, ఉద్యాన శాఖో పోస్టు సృష్టించి జీతమివ్వాలి. ఆ జీతం గురించి అడగకుండా కొత్త కోర్సులు పెడితే, చదివినవారు మళ్లీ బ్యాంకు పరీక్షల శిక్షణకే వెళ్తారు. వారిని తప్పుపట్టే హక్కు అధ్యాపకునికి ఉండదు. నెలజీతం హామీ ఉన్న అధ్యాపకుడు రోజుకూలి గౌరవాన్ని బోధించడంలో కొంత ఎబ్బెట్టుతనం కూడా ఉంది.

6. తెలుగుశాఖ చేయగలిగింది

ఈ చర్చలో తెలుగుశాఖకు పనేమిటని సందేహించేవారున్నారు. పర్యావరణ కవిత్వంపై సదస్సు జరపడంతో మన బాధ్యత తీరిందనుకునేవారూ ఉన్నారు. మొక్క మీద కవిత ఎంపికచేసి అందులో ప్రకృతిప్రేమను నిరూపించే వ్యాసాలు ఇప్పటికే కొల్లలు. ఆ దారిలో ఇంకొకటి చేరడం వల్ల కలిగే ప్రయోజనం స్వల్పం.

మనకు వేరొక వారసత్వం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో వెలువరించింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. రైతునూ నేతగానినీ కలిసి, పనిముట్టును చూసి, పదాన్ని వారి నోటి నుంచి నమోదు చేసిన కృషి అది. శ్రమజీవి మాటను శాస్త్రస్థాయిలో నిలబెట్టడం కూడా గౌరవప్రదానమే. ఆ తరువాతి కాలంలో కొబ్బరి పొట్టు ఎగుమతి సరుకైంది, రొయ్యల చెరువు వచ్చింది, గ్యాస్ పైపు వచ్చింది, వాటితోపాటు కొత్త మాటలూ వచ్చాయి. పాతవి కొన్ని పోతున్నాయి. మెరక, పల్లం, లంక, మొగ, మొవ్వు, డొక్క, కురిడీ, సార్వా, దాళ్వా వంటి మాటలు విద్యార్థి ఇంట్లో ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో జలవిభాజకం, నదీముఖద్వారం, లవణీకరణం ఉన్నాయి. మొగ అంటే ఏమిటో పుట్టినప్పటి నుంచీ ఎరిగిన విద్యార్థి నదీముఖద్వారానికి నిర్వచనం రాయలేక మార్కులు పోగొట్టుకోవడం బోధనలోని వైఫల్యం. బోదె అనే ఒక్క మాట వరిచేలో చిన్న నీటిదారి, అరటితోటలో చెట్టు కాండం. ఇటువంటి మాటను పట్టుకుంటే నీటిపారుదల పాఠం, నార పరిశ్రమ పాఠం రెండూ తెలుగు తరగతిలోనే ఆరంభించవచ్చు.

180 గంటల ప్రాజెక్టులో తెలుగు విద్యార్థులకు కొబ్బరి వృత్తిపదకోశాన్ని అప్పగించడం ఆచరణసాధ్యం. అమలాపురం, రాజోలు, కొత్తపేట విద్యార్థులు వేర్వేరుగా సేకరించి సరిపోల్చితే పాయకూ పాయకూ మధ్య పలుకుబడిలోని తేడాలూ బయటపడతాయి. అయితే 1962 నాటి నమూనాకు మరికొన్ని వివరాలు చేర్చాలి. ప్రతి పనిపదం ఎదుట అర్థం, రూపభేదం, ప్రాంతంతోపాటు ఆ పని ఎవరు చేస్తారు, స్త్రీలా పురుషులా, కూలి చెట్టు లెక్కనా, కాయ లెక్కనా, రోజు లెక్కనా, ప్రమాదం జరిగితే ఖర్చు ఎవరు భరిస్తారు, ఆ ఇంట్లో తరువాతి తరం ఆ పనిలో ఉందా అన్నవి నమోదు కావాలి. చివరి గడిలో ఎక్కువచోట్ల 'లేదు' అనే వస్తుంది. ఎందుకు లేదో ఆ కుటుంబాన్నే అడిగి, వారు చెప్పిన మాటల్లోనే రాసుకురావలసిందిగా విద్యార్థికి సూచించాలి. వృక్షశాస్త్ర, వాణిజ్యశాస్త్ర శాఖలు కొత్త హరిత కోర్సుకు విషయసూచిక తయారుచేసే ముందు చదవవలసిన పత్రాలు అవే.